వినుకొండ మెట్టలో వాన లెక్క: ప్రాజెక్టు డైరీ

మార్చి ఆఖరు

నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో, పొలం మాత్రం వినుకొండ దాటాక బొల్లాపల్లి పక్కన, చూసుకునేది బాబాయ్. సగం ఎర్రనేల, సగం నల్లరేగడి, కంది, పత్తి, బోరు కింద కాస్త మిర్చి. సాగర్ కుడి కాలవ పల్నాడుకి ప్రాణం అంటారు, నిజమే, కాకపోతే మేము మిట్ట మీద ఉన్నాం, ఆ నీళ్ళు మాకు ఎక్కవు. వరికపూడిశెల ఎత్తిపోతల వచ్చిద్దని చిన్నప్పటి నుంచీ వింటానే ఉన్నాం, వచ్చేదాకా వానే దిక్కు.

ఈ ప్రాజెక్టు, అంటే పొలంలో సొంతంగా చిన్న వాతావరణ స్టేషన్ పెట్టుకోవడం, ఎందుకు అంటే, ఫోన్లో యాప్ వినుకొండలో వాన అని చూపిస్తది, నేను సంబరంగా ఫోన్ చేస్తే బాబాయ్ "ఏం వానరా, దుమ్ము కూడా అణగలా" అంటాడు. ఇంకోసారి యాప్‌లో ఎండ బొమ్మ ఉంటది, పొలంలో దుక్కి తడిసిపోయి ఉంటది. మండలం మొత్తానికి ఆటోమేటిక్ స్టేషన్లు ఒకటో రెండో, కరువు మండలం అని తేల్చడానికి కూడా ముందు చూసేది ఆ మండలం వర్షపాతమే. మన పొలం లెక్క మన దగ్గర ఉండాలి అని అప్పటి నుంచి మనసులో ఉంది, ఈ ఎండాకాలం కూర్చున్నా.

సామాను: ఈఎస్‌పీ32 బోర్డు (సెన్సర్ల లెక్క చదివే చిన్న కంప్యూటర్ లాంటిది), టెంపరేచర్‌కి తేమకి ఎస్‌హెచ్‌టీ31 సెన్సర్ (డీహెచ్‌టీ22 చవక గానీ మన ఎండలకి, ఆ తర్వాత ముసురుకి రెండేళ్ళు నిలబడిద్దని నాకు నమ్మకం లేదు), వానకి టిప్పింగ్ బకెట్, గాలికి మూడు గిన్నెల అనిమోమీటర్, చిన్న సోలార్ ప్యానెల్. చాలావరకు విజయవాడ నుంచి తెచ్చా, మిగతావి ఆన్‌లైన్. పొలంలో ఫోన్ సిగ్నల్ ఒక పుల్ల వస్తే ఎక్కువ, అందుకని సిమ్ కార్డు ఆలోచన పక్కన పెట్టి లోరా (సిమ్ లేకుండా దూరం పోయే చిన్న రేడియో) తీసుకున్నా. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, పొలం నుంచి బాబాయ్ ఇంటి డాబా దాకా హాయిగా వస్తంది, అక్కడ వైఫై ఉంది.

ఏప్రిల్

ఈ నెలంతా గొడుగు పనే. గొడుగు అంటే సెన్సర్ మీద ఎండ పడకుండా, గాలి మాత్రం ఆడేలా పెట్టే తొడుగు. వాతావరణ శాఖ వాళ్ళ దగ్గర తెల్లరంగు వేసిన చెక్క పెట్టె ఉంటది చూశారా, పక్కలన్నీ కిటికీ రెక్కల్లాగా, స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, దాని తలుపు మన దేశంలో ఉత్తరం వైపే పెడతారు, తలుపు తీసినప్పుడు ఎండ లోపల పడకుండా. నేను పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్ళాలు కొని, నడిమి పళ్ళాలకి మధ్యలో పెద్ద బొక్క కోసి, మూడు మరల రాడ్లకి ఒకదాని మీద ఒకటి వేలెడు సందుతో బిగించా. పై రెండు పళ్ళాలకి బొక్క లేదు. లోపలి వైపు నలుపు స్ప్రే కొట్టా, నేల నుంచి ఎగిరే వెలుతురు లోపల తిరిగి తిరిగి సెన్సర్ మీద పడకుండా.

ఇంత రామాయణం దేనికి అంటే ఒక చిన్న పరీక్ష చేసి చూశా. ఒకే రకం సెన్సర్లు రెండు, ఒకటి ఈ పళ్ళాల గొడుగులో, ఇంకోటి మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పక్కపక్కనే మిట్టమధ్యాహ్నం ఉంచితే డబ్బాలోది ఆరేడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. కాబట్టి ఎండాకాలం రాగానే వాట్సాప్‌లో తిరిగే కారు డాష్‌బోర్డు ఫోటోలు, "మా ఊళ్ళో 51" అనేవి, దయచేసి నమ్మకండి, అది రోడ్డు వేడి, బానెట్ వేడి, గాలి వేడి కాదు. అసలుకే మనకి కావల్సినంత ఉంది, పెంచి చెప్పాల్సిన పని లేదు.

పోల్ పాతేటప్పుడు నేల నుంచి సెన్సర్ ఎత్తు ఛాతీ దాకా ఉండేలా చూసుకున్నా (1.25 నుంచి 2 మీటర్ల మధ్య ఉండాలి). గునపం జానెడు దిగాక బండ తగిలింది, పల్నాడు కదా, నాపరాయి లేని చోటు వెతకడమే ఒక పని.

మే, రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయి అని ఊరికే అన్లేదు. స్టేషన్ పెట్టాక మొదటి నిజమైన పరీక్ష ఇదే, గొడుగులో 44 దాటింది, తేమ 15 శాతం దగ్గరకి పడిపోయింది. రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో ఎందుకు మోగిద్దో మా పొలంలో మధ్యాహ్నం రెండింటికి నిలబడితే తెలిసిద్ది.

కారణం పెద్ద రహస్యం కాదు. ఏప్రిల్, మే నెలల్లో పడమర, వాయవ్యం నుంచి గాలి వచ్చిద్ది, ఎండిన దక్కను మీదుగా వచ్చే గాలి, దాన్లో తడి ఉండదు. పైగా పీఠభూమి మీద నుంచి కిందికి దిగే గాలి ఇంకా వేడెక్కిద్ది. బాపట్ల పక్క మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగి కాస్త ఊపిరి ఆడిద్ది, మా దాకా అది రాదు. నేల చూస్తే రాయి, చెట్టు తక్కువ, చేలు ఖాళీ. ఇంకేం కావాలి. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాడ్పు, మామూలుతో సంబంధం లేకుండా 45 తగిలితే వడగాడ్పే, 47 అయితే తీవ్ర వడగాడ్పు.

ఇక్కడ ఒక విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. అత్తమ్మ వాళ్ళు ఉండేది విజయవాడ సత్యనారాయణపురం, అక్కడ 40 డిగ్రీలకే చచ్చిపోతున్నాం అంటారు, కూలర్ పెట్టినా ఉక్కపోత పోదు. బాబాయ్ ఇంట్లో 44 ఉన్నా గడ్డి తడికల కూలర్ ముందు కూర్చుంటే నిద్ర వచ్చిద్ది. తడిగుడ్డ థర్మామీటర్ లెక్క వేసి చూశా: 44 డిగ్రీలు, 15 శాతం తేమ అంటే తడిగుడ్డ ఉష్ణోగ్రత 23 దగ్గర. 40 డిగ్రీలు, 45 శాతం తేమ అంటే దాదాపు 30. కూలర్ ఎంత బాగా పనిచేసినా గాలిని ఆ అంకె కన్నా కిందికి దించలేదు, మన ఒంటి చెమట కూడా అంతే. అంటే థర్మామీటర్‌లో తక్కువ ఉన్న బెజవాడే ఒంటికి కష్టం. ఇది చెప్తే అత్తమ్మ "నేను ముందు నుంచీ చెప్పేది అదేగా" అంది. అట్లాగని వినుకొండ ఎండ మంచిదని కాదు, అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోద్ది, ఒంట్లో నీళ్ళు అయిపోయేదాకా మనిషికి తెలియదు, ఉపాధి పనికి పోయేవాళ్ళు పడిపోయేది ఇట్లాగే.

బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే రాసుకుంటా. మామూలు 18650 లిథియం సెల్స్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు అంటారు, మన బాక్సు లోపల 45 అనేది పొద్దున పదింటికే దాటిద్ది. అందుకని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం పెట్టా, బాక్సుని ప్యానెల్ నీడ కిందకి దించా, ఉత్తరం వైపుకి తిప్పా.

జూన్, మృగశిర

వాన గేజి. అసలు ప్రాజెక్టు ఇదే, మిగతాదంతా సరదా.

టిప్పింగ్ బకెట్ అంటే గరాటు కింద రెండు అరల చిన్న తూగుడు చెక్క లాంటిది, ఒక అర నిండగానే ఒరిగిపోయి నీళ్ళు పారబోసిద్ది, రెండో అర గరాటు కిందకి వచ్చిద్ది, ఒరిగిన ప్రతిసారీ అయస్కాంతం ఒక స్విచ్చి పక్క నుంచి పోయి లెక్క ఒకటి పెరిగిద్ది. నా గరాటు మూతి 20 సెంటీమీటర్లు, అంటే 314 చదరపు సెంటీమీటర్లు, ఒక మిల్లీమీటర్ వానకి 31.4 మిల్లీలీటర్లు పడాలి. ఒక ఒరుగు 0.2 మి.మీ. అని కంపెనీ వాడు రాశాడు, అంటే 6.28 మి.లీ. నిజమో కాదో చూడాలంటే నీళ్ళు బాగా నిదానంగా పొయ్యాలి, చెంబుతో పోస్తే ఒరిగే లోపల నీళ్ళు పక్కకి పోయి లెక్క తగ్గిద్ది. మందుల షాపులో సెలైన్ సెట్టు కొన్నా. బాటిల్లో 314 మి.లీ. కొలిచి పోసి, చక్రం తిప్పి చుక్కలు చుక్కలుగా వదిలా. 50 ఒరుగులు రావాలి, 46 వచ్చినయ్. అంటే ఒక్కో అర ఎక్కువ నీళ్ళు పట్టుకుంటంది. అరల కింద చిన్న మరలు ఉంటాయి, అవి కొంచెం పైకి తిప్పితే బకెట్ త్వరగా ఒరిగిద్ది. అర తిప్పు తిప్పడం, మళ్ళీ సెలైన్ ఎక్కించడం, ఇదే పని. పిన్ని వచ్చి "దానికి జ్వరమా ఏందిరా" అని అడిగి పోయింది. చివరికి 50, ఒక్కోసారి 49, చాల్లే అనుకున్నా.

పెట్టే చోటు విషయంలో మాత్రం రాజీ పడలేదు. చెట్టు గానీ గోడ గానీ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో గేజి ఉండాలి, వేపచెట్టు దూరంగా పెట్టేసరికి చేను మధ్యకి వచ్చింది, "అరకకి అడ్డం రా" అని బాబాయ్ గొణిగాడు గానీ చుట్టూ నాలుగు రాళ్ళు తనే పాతాడు.

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి అంటారు. కేరళకి రుతుపవనం వచ్చే మామూలు తేదీ జూన్ 1, ఆ తర్వాత వారం పది రోజుల్లో మన దాకా. మృగశిర మొదలయ్యేది జూన్ 8 ప్రాంతంలో. ఎవరు ఎప్పుడు కట్టారో గానీ బాగా కుదిరింది. కార్తెలు సూర్యుడి నడకని బట్టి కాబట్టి ఇంగ్లీషు తేదీలు దాదాపు ప్రతి ఏడూ అవే, ఒక్కోటి 13, 14 రోజులు. ఎక్సెల్‌లో తేదీ పక్కన కార్తె కాలమ్ పెట్టా. బాబాయ్‌కి జూలై ఆఖరు వారం అంటే అర్థం కాదు, పుష్యమి అంటే టక్కున అర్థమయిద్ది.

జూలై, పునర్వసు

గాలి. ఆషాఢం గాలి. అనిమోమీటర్ పగలూ రాత్రీ తిరుగుతానే ఉంది, మబ్బు పోతానే ఉంది, చుక్క పడదు. నైరుతి మేఘాలు తెచ్చే తడిలో చాలా వాటా పడమటి కనుమల దగ్గరే దిగిపోద్ది, ఆ తర్వాత నల్లమల ఉంది, మా దగ్గరికి వచ్చేసరికి గాలి మిగిలిద్ది, నీళ్ళు మిగలవు. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితేనే మాకు గట్టి వాన. కడుపు మండేది ఏంటంటే ఈ గాలే నేలలో ఉన్న కాస్త పదునూ (తడి) లాగేస్తది.

మధ్యలో ఒక సాయంత్రం లెక్క రాసి పెట్టుకోవాలి. మా గేజిలో 3 మి.మీ. వచ్చింది. అదే సాయంత్రం మా పొలానికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న అన్న వాళ్ళ చేలో (అక్కడ మామూలు ప్లాస్టిక్ గేజి ఒకటి ఇచ్చి ఉంచా, పొద్దున ఎనిమిదిన్నరకి చూసి ఫోటో పెడతాడు, వాతావరణ శాఖ లెక్క కూడా ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకే) 28 మి.మీ. "ఎద్దుకి ఒక కొమ్ము తడిసింది, ఒక కొమ్ము తడవలా" అన్నాడు బాబాయ్. అన్న పత్తి పెట్టాడు, బాబాయ్ ఆగాడు. నల్లరేగడిలో పత్తి గింజ పెట్టాలంటే 60, 70 మి.మీ. పడి నేల బాగా తడవాలని లాం ఫారం (గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రం) వాళ్ళు చెప్తానే ఉంటారు, అయినా ఒక వాన పడగానే చెయ్యి ఆగదు.

మెయింటెనెన్స్: మొదటి వానకి గరాటులో దుమ్ము బురద అయి సన్న బొక్క మూసుకుపోయింది, స్టీలు జాలీ వేశా. పళ్ళాల మధ్య కందిరీగలు గూడు పెట్టబోతున్నాయి, చుట్టూ దోమల మెష్ కట్టా, గాలి కొంచెం తగ్గిద్ది కానీ తప్పదు.

ఆగస్టు, మఖ

సరైన వాన లేదు. బాబాయ్ ఫోన్లో "మఖ పుబ్బలు వరుపయితే మహా ఎత్తయిన కాటకం" అన్నాడు, వరుపు అంటే బెట్టే, వాన ఆగిపోవడం. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ రెండో వారం దాకా అన్నమాట. పత్తి గూడ (మొగ్గ) వేసే టైము, మిర్చి నారు నాటే టైము.

ఇప్పటిదాకా స్టేషన్ లెక్కలు చూపించే నా యాప్ మొదటి స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో ఉన్నది "ఈ సీజన్ మొత్తం వాన". ఆ అంకె చూస్తే మరీ భయపడాల్సినంతగా లేదు, జూన్ చివర రెండు గట్టి వానలు పడ్డాయి కాబట్టి. చేను చూస్తే ఆకు వాలిపోయింది. అప్పుడు కూర్చుని పాత సంవత్సరాలు తిరగేశా. 2023 తీసుకోండి, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదు, ఎల్ నినో ఏడాది. అదే ఏడు డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, కోతకొచ్చిన వరి పడిపోయింది, మిర్చి చేలల్లో నీళ్ళు నిలబడ్డాయి. కావల్సినప్పుడు లేని వాన, వద్దన్నప్పుడు వచ్చిన వాన, రెండూ కలిపి కూడితే కాగితం మీద లోటు చేలో ఉన్నంత కనపడదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 కూడా అంతే, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీ మీద నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన పోయింది. అట్లాంటి రెండు రోజులు ఏడాది లెక్కని ఎట్లా లాగేస్తాయో ఊహించుకోండి.

పాత ఉమ్మడి గుంటూరు జిల్లా సగటు 850 మి.మీ. దరిదాపు అని పుస్తకాల్లో ఉంటది. బాపట్ల తీరం, బొల్లాపల్లి మిట్ట రెండూ ఆ ఒక్క సగటులోనే. నాకైతే ఆ అంకెతో ఇప్పుడు ఏ పనీ లేదు.

మొదటి స్క్రీన్ మార్చేశా. ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఉండేది ఒకటే: ఆఖరి వాన పడి ఎన్ని రోజులయింది. వాతావరణ శాఖ 2.5 మి.మీ. పడితేనే దాన్ని వాన రోజు అంటది, నేను ముందు అదే పెట్టా. బాబాయ్ ఒప్పుకోలా. "రెండున్నరకి ఏం తడుస్తదిరా, పొద్దెక్కేసరికి ఎగిరిపోద్ది" అని నన్ను చేలోకి తీసుకుపోయి, ముందు రోజు 6 మి.మీ. పడ్డ చోట కొడవలి మొనతో గీరి చూపించాడు: పైన రెండు వేళ్ళ మందం నల్లగా తడి, దాని కింద బూడిద రంగు మన్ను, గోటితో గిల్లితే పొడి పొడిగా రాలిపోతంది. వేరు ఉండేది ఆ పొడిలో. అందుకని ఎండ గట్టిగా ఉన్న రోజుల్లో 10 మి.మీ. లోపు వానకి లెక్క మళ్ళీ సున్నాకి రాదు, రెండు రోజులు వరసగా పడితే కలిపి చూసిద్ది. ఎర్రనేల ముక్కకి వారం దాటితే పసుపు, పది దాటితే ఎరుపు. నల్లరేగడి పదును పట్టుకుంటది కాబట్టి దానికి రెండు వారాలు. ఈ అంకెలు బాబాయ్ చెప్పినవి, సైన్సు కాదు, సైన్సు వాళ్ళు వచ్చి కాదంటే మారుస్తా. కేంద్రం వాళ్ళ 2016 కరువు మాన్యువల్‌లో కూడా బెట్టకి విడిగా లెక్క ఉంది, వరసగా మూడు నాలుగు వారాలు మామూలు వానలో సగం కూడా పడకపోతే బెట్ట అని. మూడు నాలుగు వారాలంటే మా ఎర్రనేల మీద కంది బతుకుద్దేమో, మిర్చి మొక్క ఉండదు.

ట్యాంకర్ లెక్క కూడా యాప్‌లో కలిపా, ఇది అడిగింది అన్న. ఎకరం మీద ఒక మి.మీ. అంటే దాదాపు 4,047 లీటర్లు. 20 మి.మీ. వాన అంటే 80 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. మిర్చి నారు బతికించుకోడానికి ట్యాంకర్ కొనేవాళ్ళు మా వైపు ప్రతి బెట్టకీ కనపడతారు. ట్యాంకర్ నీళ్ళు మొక్క మొదట్లోనే పోస్తారు కాబట్టి పదహారు అవసరం లేదు గానీ, పైన నుంచి పడే ఒక మంచి వాన ఖరీదు ఎంతో ఆ అంకె చూశాక నాకు బుర్రకి ఎక్కింది.

అక్టోబర్, చిత్త

సెప్టెంబర్‌లో వాన వచ్చింది, ఉత్తరలో. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు, అంటే ఉత్తర కూడా ఎండితే గంప నెత్తిన పెట్టుకుని వలస పోవడమే. ఈసారి గంప ఎత్తే పని పడలేదు. 12 మి.మీ., మళ్ళీ 31, మళ్ళీ చిన్నవి. కౌంటర్ పచ్చలోకి వచ్చింది. గట్టి వాన పడినప్పుడు టిప్పింగ్ బకెట్ కొంచెం తక్కువ లెక్కపెడతంది, పక్కన పెట్టిన మామూలు గేజితో పోలిస్తే తెలుస్తంది, కోడ్‌లో వాన జోరుని బట్టి చిన్న కరెక్షన్ రాశా.

అక్టోబర్ నుంచి గాలి తిరిగిద్ది, ఈశాన్యం. ఇది తీరానికి బాగా ఇచ్చి మాకు మిగిలింది ఇచ్చే వాన, తుఫాను బాపట్లలోనో మచిలీపట్నంలోనో ఎక్కితే మా దగ్గరికి వచ్చేసరికి సత్తువ తగ్గిపోద్ది. రెండు కాలాల వానకీ మేము తోకనే. మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ రోజూ చూడటం అలవాటైంది, రంగు మరకలు చీరాల, నరసరావుపేట దాటి మా వైపు వచ్చేసరికి లేత పచ్చ అయిపోతాయి, బాబాయ్‌కి కూడా అది చూడటం నేర్పా, ఇప్పుడు నాకన్నా ముందు ఆయనే చెప్తన్నాడు.

డిసెంబర్

ఒక వింత. మబ్బు లేదు, రాడార్‌లో ఏం లేదు, పొద్దున్నే గేజిలో 0.2. మళ్ళీ రెండు రోజులాగి 0.2. మంచు. గరాటు ప్లాస్టిక్ మీద రాత్రంతా పట్టిన మంచు పొద్దున చుక్కలై కారి ఒక అర నిండుతంది. తెల్లవారుజామున తేమ 95 పైన ఉండి ఒక్క ఒరుగే వస్తే దాన్ని మంచు అని రాయమని కోడ్‌కి చెప్పా. తీసెయ్యలేదు, ఎందుకంటే శనగ వేసినవాళ్ళు ఈ మంచుని కూడా లెక్కలోకి తీసుకుంటారు, మిర్చి వాళ్ళు అయితే ఆకు ఎంతసేపు తడిగా ఉందో చూస్తారు, తెగుళ్ళకి అదే మూలం.

కల్లం మీద మిర్చి ఆరబోసే రోజులు దగ్గర పడతన్నాయి, అప్పటికి ఇంకో అలారం కావాలని అన్న అడిగాడు, గాలిలో తేమ గబగబా పెరిగి ఒత్తిడి పడితే ఫోన్ మోగాలంట, పట్టాలు కప్పుకోడానికి. దానికి బీఎంఈ280 ఒకటి ఆర్డర్ పెట్టా, ఒత్తిడి కూడా చూపిస్తది.

తర్వాత పని నేల తడి సెన్సర్. కెపాసిటివ్ రకం చవకలో దొరుకుతంది. ఎర్రనేలలో పెడతా ముందు. నల్లరేగడిలో ఎండినప్పుడు చెయ్యి పట్టేంత పగుళ్ళు వస్తాయి, పగులు సెన్సర్ పక్కనే వస్తే అది గాలిని కొలిచిద్ది, నేలని కాదు, దానికి ఏం చెయ్యాలో ఇంకా తేలలా, బాబాయ్ అయితే "కొడవలి ఉండగా అదెందుకు" అంటన్నాడు. పార్టులు సంక్రాంతి లోపు వస్తే పండక్కి ఊరికి పోయినప్పుడు బిగిస్తా.